బరువును నమ్ముకుంటే నేల విడిచిన సామే

కొడుకు ఇంజినీరింగ్‌లో చేరగానే ఇంట్లో బండి పంచాయితీ మొదలవుతుంది. వాడి మనసు డ్యూక్ మీదో, ఆర్15 మీదో ఉంటుంది. తండ్రి ససేమిరా అంటాడు. "అవి ఎగరేసుకు తిరిగే బళ్లురా. కొంటే బుల్లెట్టో, మీటియరో కొందాం. బరువుంటుంది, రోడ్డు పట్టుకుని పోతుంది" అని తీర్పు చెబుతాడు. తల్లికి ప్రాణం కుదుటపడుతుంది. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు ఆ తీర్పుకు ముద్ర వేస్తాడు: "కరెక్టుగా చెప్పారంకుల్. ఇది క్రూయిజర్. దీంతో స్టంట్లు కుదరవు." అలా లక్షలు పోసి కొన్న బండితో పాటు ఒక నమ్మకం కూడా గుమ్మంలోకి వస్తుంది: బరువైన బండి ముందు చక్రం లేవదు.

అదే నమ్మకం కుర్రాళ్ల గుంపులో వేరే వేషం కడుతుంది. లేవదన్న బండిని లేపినవాడు మొనగాడు. చిన్న బళ్లను ఎవడైనా లేపుతాడు, పావు టన్ను క్రూయిజర్‌తో వీలీ కొట్టినవాడే అసలు రైడర్ అంటారు. తండ్రికి బరువు భరోసా, కొడుక్కి బరువు సవాలు. ఇద్దరూ నమ్ముకున్నది మాత్రం ఒకే అబద్ధాన్ని. బరువు ముందు చక్రాన్ని నేలకు కట్టిపడేయదు. చక్రం లేచాక మాత్రం ఆ బరువంతా నడిపేవాడి మీదికే తిరుగుతుంది. లేవకుండా ఆపలేనిదీ, లేచాక కాపాడలేనిదీ అయిన ఆ బరువుకు మనం ఇంత పరపతి ఎందుకిచ్చామో తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

ముందు మన పక్క రాష్ట్రంలో జరిగిందే చూద్దాం. 2023 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర, చెన్నై–బెంగళూరు హైవే మీద, లక్షలాది అభిమానులున్న ఒక తమిళ యూట్యూబర్ వీలీ కొట్టబోయి పడ్డాడు. అరెస్టయ్యాడు, లైసెన్సు పదేళ్లపాటు రద్దయింది. వార్త చదివిన ప్రతి తండ్రీ "చూశావా, స్పోర్ట్స్ బైకులు ఇంతే" అన్నాడు. ఆ బండి సుజుకి హయబుస. దాని బరువు 260 కిలోలకు పైనే. మన దగ్గర పెద్ద క్రూయిజర్‌గా అమ్ముడవుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బరువు 241 కిలోలు. బరువే చక్రాన్ని ఆపేదైతే సూపర్ మీటియర్ కంటే ముందు హయబుస ఆగాలి. ఆగలేదు. ఆ వార్త మన నమ్మకాన్ని నిలువునా చీల్చింది. మనం మాత్రం దాన్ని మన నమ్మకానికే సాక్ష్యంగా చదువుకున్నాం.

బరువు ఎందుకు ఆపలేదో అర్థం కావడానికి పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. బండి ముందుకు దూకినప్పుడు వెనక టైరు నేలను తాకే చోటు ఇరుసులా పనిచేస్తుంది. బండీ మనిషీ కలిసిన మొత్తం బరువుకు ఒక కేంద్రం ఉంటుంది. ఆ కేంద్రం వెనక టైరుకు ఎంత ముందు ఉంటే, భూమ్యాకర్షణ ముందు చక్రాన్ని అంత గట్టిగా కిందికి నొక్కుతుంది. ఆ కేంద్రం నేలకు ఎంత ఎత్తులో ఉంటే, బండి దూకుడు ముందు చక్రాన్ని అంత సులువుగా పైకి తిప్పుతుంది. ఈ రెంటి మధ్య పోటీలో ఎవరు గెలిస్తే చక్రం అటు పోతుంది. బండి బరువు ఈ లెక్కలో రెండు వైపులా గుణకంగా నిలుస్తుంది. తక్కెడ రెండు పళ్లేల్లోనూ ఒకే తూకపు రాయి వేస్తే ముల్లు కదలనట్టే, బరువు పెరిగినంత మాత్రాన చక్రం లేచే హద్దు మారదు. చివరికి మిగిలేది ఒక్క నిష్పత్తి: కేంద్రం ఎంత ముందుంది, ఎంత ఎత్తులో ఉంది.

ఈ మాటకు గట్టి రుజువు డ్రాగ్ రేసుల్లో దొరుకుతుంది. రెప్పపాటులో వేగం అందుకోవలసిన ఆ బళ్లకు ముందు చక్రం లేవడమే పెద్ద శత్రువు. దాన్ని ఆపడానికి వాళ్లు బండి మొత్తం బరువు పెంచడాన్ని నమ్ముకోరు. వెనక స్వింగ్ ఆర్మ్‌ను సాగదీసి బండిని పొడవు చేస్తారు, నేలకు దించుతారు, వెనక చిన్న చక్రాలున్న వీలీ బార్ కడతారు. చక్రం లేవకుండా చూడటమే బతుకుతెరువైనవాళ్లు నమ్ముకున్నది పొడవునూ ఎత్తునూ, మొత్తం బరువును కాదు.

బరువు పెరిగితే కదిలించడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి కదా అని అడగవచ్చు. పడాలి. కానీ పెద్ద క్రూయిజర్ అంటేనే పెద్ద ఇంజిన్. ట్రయంఫ్ రాకెట్ 3 చూడండి. ఇంజిన్ 2458 సీసీ, టార్కు 221 న్యూటన్ మీటర్లు, బండి బరువు దాదాపు 300 కిలోలు. అది 2.73 సెకన్లలో సున్నా నుంచి గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్ల వేగం అందుకుందని కంపెనీ 2019లో ప్రకటించింది. లెక్క వేస్తే ఆ సగటు దూకుడు భూమ్యాకర్షణతో సమానం. అంత బలాన్ని ముందు చక్రం పెద్దగా లేవకుండా రోడ్డు మీద పెట్టగలిగిందంటే ఆ గొప్ప రెండు చక్రాల మధ్య ఉన్న 1677 మిల్లీమీటర్ల దూరానిది. మూడు వందల కిలోలది కాదు.

ఇక్కడ పూర్వపక్షం వారికి ఒక బలమైన మాట ఉంది. దాన్ని దాటేయడం న్యాయం కాదు. "బరువు సంగతి వదిలేయండి. క్రూయిజర్ పొడుగ్గా, నేలబారుగా ఉంటుంది కదా. మీ లెక్క ప్రకారమే అది లేవకూడదు" అంటారు. నిజమే. ఉదాహరణకు ఒక క్రూయిజర్‌లో బండీ మనిషీ కలిసిన భారకేంద్రం వెనక టైరుకు 800 మిల్లీమీటర్లు ముందు, నేలకు 600 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ముందు చక్రం లేవాలంటే భూమ్యాకర్షణకు 1.33 రెట్ల దూకుడు కావాలి. మామూలు రోడ్డు టైరు అంత పట్టు ఇవ్వదు, చక్రం లేవకముందే టైరు జారిపోతుంది. అందుకే యాక్సిలరేటర్ తిప్పినంత మాత్రాన మన 350 సీసీ బళ్లు లేవవు. అంతవరకు తండ్రి మాట నెగ్గింది.

ఇప్పుడు వెనక సీటు మీద స్నేహితుణ్ని కూర్చోబెట్టండి. 70 కిలోల మనిషి, దాదాపు వెనక చక్రం పైన, ఎత్తుగా కూర్చుంటాడు. 240 కిలోల బండి, 75 కిలోల రైడర్‌తో కలిపి మళ్లీ లెక్కవేస్తే భారకేంద్రం 690 మిల్లీమీటర్లకు వెనక్కి జరుగుతుంది, 670 పైకి ఎగబాకుతుంది. కావలసిన దూకుడు 1.33 రెట్ల నుంచి 1.03కి పడిపోతుంది. బండి మొత్తం బరువు 70 కిలోలు పెరిగింది, చక్రం లేవడం మరింత సులువైంది. బరువే భద్రత అనేవాళ్లు ఈ ఒక్క లెక్కకు జవాబు చెబితే చాలు. క్రూయిజర్ వీలీల వీడియోల్లో వెనక ఇంకొకడు నవ్వుతూ వేలాడుతుండటం ఎందుకు కనిపిస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది.

పైగా మన దగ్గర క్రూయిజర్ పేరుతో అమ్ముడయ్యేవన్నీ పొడవైనవి కావు. మీటియర్ 350లో రెండు చక్రాల మధ్య దూరం 1400 మిల్లీమీటర్లు. వేగానికి మారుపేరైన యమహా ఆర్1లో 1405. తండ్రి "పొడుగ్గా, నిలకడగా ఉంటుంది" అని కొన్న బండి ఆ సూపర్ బైకు కంటే అయిదు మిల్లీమీటర్లు పొట్టి. క్లాసిక్ 350 ఇంకా పొట్టిది, 1390. ట్యాంకు ఆకారం, వెడల్పాటి సీటు, డుగడుగు శబ్దం కలిసి మన కళ్లకు పొడవును చూపిస్తాయి. టేపు పెట్టి కొలిచినవాడు లేడు.

యాక్సిలరేటర్‌తో లేవదు కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. కుర్రాళ్లు నమ్ముకునేది క్లచ్‌ని. బుల్లెట్ తరహా ఇంజిన్లలో ఫ్లైవీల్ బరువుగా ఉంటుంది. తక్కువ ఆర్పీఎంలోనే ఆగిపోకుండా లాగే గుణం దానివల్ల వచ్చిందే. క్లచ్ నొక్కి రేజ్ చేసినప్పుడు ఆ ఫ్లైవీల్ శక్తిని దాచుకుంటుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేస్తే దాచుకున్నదంతా రెప్పపాటులో వెనక చక్రానికి చేరుతుంది. ఆ క్షణంలో బండికి అందే తోపుడుకూ కంపెనీ కాగితం మీద రాసే టార్కుకూ పొంతన ఉండదు. అదే సమయంలో ముందు చక్రం స్పీడ్ బ్రేకర్ దిగి ఫోర్కులు పైకి తన్నితే ఇక చెప్పేదేముంది. "బుల్లెట్ నెమ్మది బండి" అన్న పేరు ఏ గుణం వల్ల వచ్చిందో, ఆ గుణమే దాన్ని తన్నుకు లేచేలా చేస్తుంది. షోరూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

బళ్లు తయారుచేసేవాళ్లకు మాత్రం ఇదంతా తెలుసు. డుకాటీ డయావెల్ 1260 పావు టన్ను దరిదాపు బరువున్న పవర్ క్రూయిజర్, చక్రాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు. దానికి ఆ కంపెనీ వీలీ కంట్రోల్ అమర్చింది. ముందు చక్రం లేస్తోందని సెన్సర్లు కనిపెట్టగానే ఇంజిన్ బలాన్ని తగ్గించే ఏర్పాటు అది. లేవని చక్రానికి కళ్లెం ఎవడు వేస్తాడు? మన రోడ్ల మీద తిరిగే 350లకు ఆ కళ్లెం కూడా లేదు.

ఇంకో రుజువు అమెరికా రేస్ ట్రాకుల మీద ఉంది. 2020లో మోటో అమెరికా సంస్థ లగూనా సెకాలో 'కింగ్ ఆఫ్ ది బ్యాగర్స్' అనే రేసు మొదలుపెట్టింది. ప్రయాణాల కోసం పక్క పెట్టెలతో వచ్చే హార్లీ, ఇండియన్ బళ్లతో జరిగే రేసు ఇది. బండి కనీస బరువు 620 పౌండ్లు, అంటే దాదాపు 281 కిలోలు ఉండాలని నియమం. మలుపుల్లో అడుగుభాగం రోడ్డుకు రాసుకోకుండా ఆ బళ్లను బాగా ఎత్తు పెంచుతారు. ఫలితంగా మలుపు దాటి బలం పెట్టగానే ముందు చక్రాలు గాల్లోకి లేస్తుంటాయి. 281 కిలోలు అలాగే ఉన్నాయి. మారింది ఎత్తు.

తండ్రి నమ్మకం సంగతి అది. ఇక కొడుకు నమ్మకానికి వద్దాం. బరువైన బండి లేస్తుందని ఒప్పుకున్నాం కాబట్టి, లేపినవాడు మొనగాడని కూడా ఒప్పుకోవాలి కదా అని అతను చంకలు గుద్దుకోవచ్చు. అక్కర్లేదు.

అతను సాక్ష్యంగా చూపించేవి కాలిఫోర్నియా కుర్రాళ్లు హార్లీ డైనాలతో చేసే వీడియోలు. డైనా 1991 నుంచి 2017 దాకా వచ్చిన హార్లీ శ్రేణి. దాదాపు 300 కిలోల బరువు. 'సన్స్ ఆఫ్ అనార్కీ' సీరియల్ వల్ల దానికి మరింత మోజు పెరిగింది. ఆ వీడియోల్లోని బండిని ఒకసారి ఆపి చూడండి. వెనక పొడవైన షాకబ్జర్లు వేసి బండి ఎత్తు పెంచారు. ఛాతీ దాకా వచ్చే హ్యాండిల్ పెట్టారు. కంపెనీ ఇచ్చిన బెల్టు తీసేసి చైన్ బిగించారు, వెనక పెద్ద స్ప్రాకెట్ వేశారు. పడితే ఇంజిన్ పగలకుండా చుట్టూ ఇనుప గార్డులు కట్టారు. పొడవూ, నేలబారుతనమూ, మెత్తని బెల్టు లాగుడూ పోయాక అందులో క్రూయిజర్ ఎంత మిగిలింది? ట్యాంకు మీద పేరు మిగిలింది. స్టంట్ కోసం తిరగదోడిన యంత్రాన్ని చూపించి షోరూమ్ బండితో అదే చేయొచ్చనడం మోసం. ఆ బళ్లు తొక్కే నేర్పరులు బండిని మార్చుకున్నాకే సాహసానికి దిగారు. మనవాడు సాహసాన్ని మాత్రం కాపీ కొడుతున్నాడు.

ఈవెల్ కనీవెల్ పేరు ఎత్తేవాళ్లూ ఉన్నారు. 1970ల్లో హార్లీ మీద వీలీలు కొట్టి, బస్సుల మీదుగా దూకిన అమెరికన్ సాహసికుడు ఆయన. హార్లీ అనగానే మనవాళ్ల కళ్ల ముందు భారీ క్రూయిజర్ మెదులుతుంది. ఆయన వాడింది ఎక్స్‌ఆర్-750. మట్టి ట్రాకుల రేసుల కోసం తయారైన, 150 కిలోల లోపు బండి అది. పేరు ఒక్కటే, జాతి వేరు.

నేర్పును బరువుతో కొలవాలన్నదే అసలు పొరపాటు. 1991లో జపాన్‌కు చెందిన యసుయుకి కుదో ముందు చక్రం దించకుండా 331 కిలోమీటర్లు నడిపి గిన్నిస్ రికార్డు సాధించాడు. ఆయన ఎంచుకున్నది హోండా ట్రయల్స్ బండి, వంద కిలోల లోపు. ప్రపంచంలో అంతసేపు వీలీ నిలపగలిగినవాడు తేలికైన బండిని ఎంచుకోవడం చేతకాక కాదు. నేర్పు ఉన్నవాడు తన అదుపుకు లొంగే యంత్రాన్ని కోరుకుంటాడు. లొంగని యంత్రాన్ని ఒక్క క్షణం లేపి దించేసి కాలరెగరేసేవాడు చూపించేది అదృష్టాన్ని.

"మరి రిపబ్లిక్ డే నాడు మన జవాన్లు బుల్లెట్ల మీద విన్యాసాలు చేయడం లేదా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. చేస్తారు. సైన్యం సిగ్నల్స్ విభాగం 'డేర్ డెవిల్స్' జట్టు, 2018లో తొలిసారి కవాతులో కనిపించిన బీఎస్ఎఫ్ మహిళల 'సీమా భవాని' జట్టు మనకు గర్వకారణాలే. కానీ వాళ్లు ఏం చేస్తారో గమనించండి. ఖాళీ చేయించిన కర్తవ్య పథ్ మీద, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంతో, పిరమిడ్లు కడతారు, నిచ్చెనలెక్కుతారు, సెల్యూట్ చేస్తారు. బుల్లెట్ బరువునూ ఫ్లైవీల్‌నూ నెమ్మదిగా, ఒకే తీరుగా నడవడానికి వాడుకుంటారు. ఆ బండికి చేతనైన పనిని దాని చేత చేయించుకుంటారు. రాయదుర్గం ఐటీ రోడ్ల మీద అర్ధరాత్రి ఎగిరేవాళ్లకు ఆ కవాతును అడ్డం పెట్టుకునే హక్కు లేదు.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఒకటుంది. లేచినా పర్వాలేదు, బరువైన బండి కదా, మళ్లీ నేల మీదికి నిలకడగా దిగుతుంది అంటారు. జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ముందు బ్రేకు వల్ల ఉపయోగం లేదు. వెనక్కి తిరగబడబోతున్న బండిని కిందికి దించడానికి ప్రధాన ఆధారం వెనక బ్రేకే. అందుకే శిక్షణ పొందిన స్టంట్ రైడర్ కుడి పాదాన్ని వెనక బ్రేకు మీద నుంచి తీయడు. చాలా క్రూయిజర్లలో ఫుట్ రెస్టులు బాగా ముందుకు ఉంటాయి. కాళ్లు చాపుకుని, నడుం వెనక్కి వాల్చి కూర్చునే బండి అది. ముందు భాగం పైకి లేచిన కొద్దీ ఆ పెడల్ మనిషికి ఎదురుగా, పైకి పోతుంది. పాదం నేల వైపు కాదు, ఆకాశం వైపు తొక్కాలి. నిలబడి బరువు మార్చుకోవడానికి కాళ్ల కింద ఆధారం ఉండదు. ఒళ్లు వెనక్కి జారుతుంటే మనిషి చేసే మొదటి పని హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడటం. వేలాడినప్పుడు కుడి మణికట్టు కిందికి తిరుగుతుంది. మణికట్టు తిరిగితే యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. బండి ఇంకా లేస్తుంది. దించాలనుకున్న ప్రతి ప్రయత్నమూ లేపడానికే పనికొస్తుంది. ప్రయాణంలో హాయినిచ్చే ఆ కూర్చునే తీరే అక్కడ ఉరి బిగిస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. గాల్లో నిలిచి ఉండాలంటే భారకేంద్రం వెనక టైరుకు సరిగ్గా నిట్టనిలువుగా రావాలి. భారకేంద్రం 700 మిల్లీమీటర్ల ముందూ, 700 మిల్లీమీటర్ల ఎత్తులోనూ ఉన్న బండికి 45 డిగ్రీల వంపు చాలు. 800 ముందు, 600 ఎత్తు ఉన్న క్రూయిజర్‌కు 53 డిగ్రీలు కావాలి. అంత పైకి పోకముందే సైలెన్సరో, వెనక మడ్‌గార్డో రోడ్డుకు రాసుకుంటుంది. సమతూకం చేరలేని బండిని గాల్లో నిలపాలంటే వేగం పెంచుకుంటూనే పోవాలి. పెంచడం ఆపిన క్షణంలో పడుతుంది. అంటే రోడ్డు మీద క్రూయిజర్ వీలీకి రెండే ముగింపులు: అదుపు దాటిన వేగం, లేదా దబ్బున పడటం.

పడటమంటే ఏమిటో అంకెల్లో చూడండి. 240 కిలోల బండి, 75 కిలోల మనిషి 30 డిగ్రీలు లేస్తే భారకేంద్రం దాదాపు 32 సెంటీమీటర్లు పైకి పోతుంది. దిగేటప్పుడు ముందు భాగం మింగవలసిన శక్తి దాదాపు 990 జౌళ్లు. 140 కిలోల డర్ట్ బైకుతో అదే పని చేస్తే 540 జౌళ్ల దరిదాపు. తేలిక బండి మీద పడే దెబ్బకు దాదాపు రెట్టింపు. ఈ రెట్టింపు దెబ్బను ఆపవలసిన ఫోర్కులేమో పొట్టివి. సూపర్ మీటియర్ ముందు ఫోర్కుల కదలిక 120 మిల్లీమీటర్లు. గుంటలూ రాళ్లూ తొక్కడానికని అదే కంపెనీ తెచ్చిన పాత హిమాలయన్‌కు 200 ఇచ్చారు. ఏ బండి ఏ దెబ్బకు తయారైందో కంపెనీ ఇంత స్పష్టంగా చెబుతుంటే, మనం బరువు చూసి భరోసా పెట్టుకుంటున్నాం.

నమ్మకం కుదరకపోతే ఏ మెకానిక్ షెడ్డుకైనా వెళ్లి, "ఊరికే సౌండ్ వస్తోందన్నా" అంటూ కుర్రాడు వదిలిపెట్టి వెళ్లిన క్రూయిజర్ దగ్గర కాసేపు నిలబడండి. ఫోర్కు గొట్టాల మీద నూనె జిడ్డు కారి, దుమ్ము పట్టి నల్లగా గడ్డకట్టి ఉంటుంది. ఆయిల్ సీళ్లు పోయాయి. మెకానిక్ ముందు చక్రాన్ని స్టాండు మీద లేపి హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పుతాడు. మధ్యలోకి రాగానే అది గాడిలో పడ్డట్టు టక్కున ఆగుతుంది. కోన్ సెట్‌లో గుండ్లు తమ దారిలో గుంటలు పెట్టాయన్నమాట. తిన్నగా పోయే బండికి చక్రం పదేపదే దబ్బున దిగితే వచ్చే జబ్బు ఇది. క్లచ్ ప్లేట్ల వాసన సంగతి వేరే చెప్పాలా? "గుంటలో పడింది నాన్నా" అని కుర్రాడు ఇంట్లో చెబుతాడు. మెకానిక్‌కు నిజం తెలుసు. బిల్లు కట్టే తండ్రికి తెలియదు. హ్యాండిల్ సరిగా తిరగని ఆ బండినే మర్నాడు చెల్లెలు కాలేజీకి ఎక్కిపోతుంది.

దిగేటప్పుడు చక్రం వేలెడంత పక్కకు తిరిగి ఉంటే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. తేలిక బండి పక్కకు పడితే మనిషి ఒక చోట, బండి ఒక చోట జారిపోయే వీలుంది. పావు టన్ను బండి కాలు మీద పడితే ఇద్దరు పట్టి లేపాల్సిందే. ఆ ఇద్దరూ వచ్చేవరకు కాలు దాని కిందే. దాని వేడి సైలెన్సర్ కిందే.

"నా బండి, నా ఇష్టం, నా ప్రాణం" అనేవాళ్లకు ఒక జవాబు ఉంది. మూసిన మైదానంలో, తేలికపాటి బండి మీద, హెల్మెట్టూ కవచాలూ వేసుకుని, తెలిసినవాడి దగ్గర నేర్చుకుంటామంటే ఎవరూ అడ్డు చెప్పరు. వీలీ ఒక విద్య, ఒక క్రీడ. దాన్ని చేతకానితనమనీ, పాపమనీ తిట్టేవాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. బండి మీద శిక్షణ కోసం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు, కోయంబత్తూర్‌లో కరి స్పీడ్‌వే ఉన్నాయి. కానీ విశాఖ బీచ్ రోడ్డు మీద ముందు చక్రం లేపినవాడికి ముందున్న రోడ్డు కనిపించదు. ట్యాంకూ హ్యాండిలూ చూపును కమ్మేస్తాయి. వేరుశనగల బండి తోసుకుపోయే మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టడానికి అతని అనుమతి ఎవరు తీసుకున్నారు?

చట్టం కూడా ఈ విషయంలో బండి రకం చూడదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా నడిపితే మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ ఇంకా పదునైనది. మైనర్ నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు. "మేం బరువైన బండే కొనిచ్చాం సార్" అన్న వాదన కోర్టులో నిలవదు. 2025 మేలో కర్ణాటక హైకోర్టు ఒక వీలీ కేసులో బెయిలు నిరాకరిస్తూ, ఈ బెడదకు కఠినమైన చట్టం తేవాలని చెప్పింది. ఆ చట్టం వచ్చినా రాకపోయినా, ఇంట్లో మనం పెంచి పోషిస్తున్న అబద్ధాన్ని ఏ చట్టమూ రద్దు చేయలేదు. ఆ పని మనమే చేయాలి.

కాబట్టి క్రూయిజర్ కొనకండని నేను అనడం లేదు. దూర ప్రయాణానికి అంత హాయినిచ్చే బండి మరొకటి లేదు. దాని పొడవూ, దాని మీద కూర్చునే తీరూ, తక్కువ వేగంలోనే లాగే ఇంజినూ అందుకోసం తీర్చిదిద్దినవి. దాన్ని భద్రతకు గ్యారంటీ కార్డుగా కొనకండి అంటున్నాను. బండి అమ్మేవాడు "స్టంట్లు కుదరవు" అంటే, కుదరవని కంపెనీ ఎక్కడ రాసిచ్చిందో చూపించమని అడగండి. కొడుకు చేతికి తాళాలు ఇచ్చేముందు కిలోల లెక్క పక్కన పెట్టి, వాడికి ఏం తెలుసో, ఏం తెలియదో కనుక్కోండి. వెనక బ్రేకు ఎప్పుడు వాడాలో, వెనక మనిషి ఎక్కితే బండి ఎలా మారుతుందో వాడు చెప్పలేకపోతే, ఆ బండి 140 కిలోలైనా 340 కిలోలైనా ఒకటే. కుర్రాళ్లకు చెప్పేదీ అదే: లేవదన్న బండిని లేపడంలో మీరు గెలుస్తున్నది భౌతికశాస్త్రం మీద కాదు, మీ ఇంట్లోవాళ్ల అమాయకత్వం మీద. భద్రతనూ ప్రతాపాన్నీ కిలోల్లో తూచినంతకాలం ఆ తూకంలో మోసపోయేది మనమే.